‘డైరెక్ట్ చేసేశాను సార్’: గీజర్ రిపేరులో అసలు చూడాల్సిందేమిటి?

మా ఇంట్లో గీజర్ ఒక చలికాలం మాటిమాటికీ ఆగిపోయేది. మెకానిక్ వచ్చి కింది మూత విప్పి, లోపల ఏదో చిన్న బటన్ నొక్కి వెళ్లేవాడు. రెండు రోజులు బాగానే ఉండేది, మళ్లీ ఆగేది. మూడోసారి వచ్చినప్పుడు పది నిమిషాల్లో పని ముగించి, ‘‘ఇక ఈ తలనొప్పి ఉండదు సార్, డైరెక్ట్ చేసేశాను’’ అన్నాడు. నిజంగానే ఆ తర్వాత అది ఒక్కసారి కూడా ఆగలేదు. సమస్య తీరిందనుకున్నాం. పది రోజులు గడిచాక అమ్మ, ‘‘ట్యాప్ తిప్పగానే పొగలు కక్కుతూ పడుతున్నాయి, ఈ నీళ్లు చూస్తే భయమేస్తోంది’’ అంది. ఆ వారంలోనే గీజర్ కింద ఉన్న వాల్వ్ నుంచి వేడినీళ్లు ధార కట్టాయి. అప్పుడు పిలిచిన ఇంకో మెకానిక్ మూత తీసి, రెండు టెర్మినళ్ల మధ్య వేసిన బెత్తెడు వైరు ముక్కను బయటికి లాగి నా చేతిలో పెట్టాడు.

ఆ వైరు ముక్క ఏం చేసిందో ఆయన ఓపిగ్గా చెప్పాడు. నీళ్లు కాగాక కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ పాడైంది. దాని లోపలి కాంటాక్టులు అతుక్కుపోవడంతో కరెంటు ఆగకుండా వెళ్తూనే ఉంది. నీళ్లు మరీ వేడెక్కినప్పుడు కటౌట్ అనే ఇంకో పరికరం అడ్డుపడి మొత్తం ఆపేసేది. మాకు కనిపించిన ‘సమస్య’ అదే. మొదటి మెకానిక్ చెడిపోయిన థర్మోస్టాట్‌ను అలాగే ఉంచి, సక్రమంగా పనిచేస్తున్న కటౌట్‌ను వైరుతో దాటవేశాడు. జ్వరం ఉందని చూపిస్తున్న థర్మామీటర్‌ను పగలగొట్టడం లాంటిదే ఇది.

ఆ రోజు నుంచి గీజర్ సమస్యలను నేను చూసే పద్ధతి మారింది. మనం ‘గీజర్ పాడైంది’ అనే సందర్భాల్లో చాలావాటిలో అది మనకేదో తెలియజేస్తూ ఉంటుంది. దాన్ని చదవడం తెలిస్తే ఏది మనం చూసుకోగలిగినదో, దేనికి మెకానిక్ రావాలో, వచ్చిన మెకానిక్ పని సరిగ్గా చేస్తున్నాడో లేదో మనకే తెలిసిపోతుంది.

లోపల ఎవరెవరు కాపలా ఉన్నారు

మూసిన పాత్రలో నీళ్లు పోసి, ఆ నీళ్లలోనే కరెంటుతో నడిచే ఎలిమెంట్‌ను ముంచి వేడి చేయడమే గీజర్ చేసే పని. పనిగా చూస్తే చాలా సులువు. ప్రమాదంగా చూస్తే రెండు పెద్ద ప్రమాదాలు పక్కపక్కనే ఉన్నాయి: నీళ్లలో కరెంటు, మూసిన పాత్రలో ఒత్తిడి. అందుకే అందులో వేడి చేసే భాగం ఒక్కటే అయితే, కాపాడే భాగాలు నాలుగైదు ఉంటాయి.

థర్మోస్టాట్ మనం పెట్టిన వేడి రాగానే కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్లీ ఇస్తుంది. అది విఫలమైతే, సాధారణంగా 90 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల థర్మల్ కటౌట్ మొత్తం సరఫరాను తెంచేస్తుంది. చాలా మోడళ్లలో కటౌట్ దానంతటది మళ్లీ ఆన్ అవ్వదు, చేత్తో బటన్ నొక్కాలి. ఎందుకు ఆగిందో ఎవరో ఒకరు చూడాలనే ఉద్దేశంతోనే అలా చేశారు. ఈ రెండూ విఫలమైతే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని ఒత్తిడిని బయటికి వదులుతుంది. కరెంటు వైపు ఎర్తింగ్, లీకేజీ ఉంటే కరెంటును తెంచేసే ఆర్‌సీసీబీ ఉంటాయి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఆనోడ్ అనే లోహపు కడ్డీ ఉంటుంది. ఎలిమెంట్ కూడా తన మట్టుకు తాను ఒక రక్షణ ఏర్పాటే: మధ్యలో కరెంటుకు వేడెక్కే నిక్రోమ్ తీగ, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన లోహపు గొట్టం. ఆ పొడికి వేడిని పోనిస్తూనే కరెంటును ఆపే గుణం ఉంది.

నీళ్లు కాగడం లేదా, సరిపోవడం లేదా?

మెకానిక్‌ను పిలిచే ముందు ఈ రెండు ఫిర్యాదులనూ విడదీయాలి. ఎన్నో ఇళ్లలో ‘చలికాలం రాగానే గీజర్ వీక్ అయింది’ అంటారు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 15 లీటర్ల గీజర్ నీళ్లను 60 డిగ్రీల దాకా కాచింది అనుకుందాం. వచ్చే చన్నీళ్లు 25 డిగ్రీల్లో ఉంటే, రెండూ కలిపి 40 డిగ్రీల స్నానపు నీళ్లు 35 లీటర్ల దాకా వస్తాయి. అదే చలికాలంలో చన్నీళ్లు 15 డిగ్రీలకు పడిపోతే అవి 27 లీటర్లకు తగ్గిపోతాయి. షవర్ నిమిషానికి 8 లీటర్లు పోస్తుంటే మూడున్నర నిమిషాల్లోపే అయిపోతాయన్నమాట. గీజర్‌లో ఏ లోపమూ లేదు, చన్నీళ్లు ఇంకా చల్లబడ్డాయి, అంతే.

ట్యాంకు లేని ఇన్‌స్టంట్ గీజర్‌కు ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 3 కిలోవాట్లది నిమిషానికి 3 లీటర్ల ధారను సుమారు 14 డిగ్రీలు మాత్రమే పెంచగలదు. 25 నుంచి మొదలైతే 39కి వస్తుంది, 15 నుంచి మొదలైతే 29 దగ్గరే ఆగిపోతుంది. ధార తగ్గించడం తప్ప వేరే దారి లేదు. వోల్టేజీ పడిపోతే మరీ కష్టం. ఎలిమెంట్ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 230 వోల్టులు రావాల్సిన చోట 190 వస్తే 2,000 వాట్ల ఎలిమెంట్ 1,400 వాట్ల లోపే పనిచేస్తుంది. పద్దెనిమిది నిమిషాల్లో కాగాల్సిన నీళ్లకు ఇరవై ఆరు నిమిషాలు పడుతుంది.

ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. గీజర్ నిండా వేడినీళ్లున్నా కుళాయిలో గోరువెచ్చగానే వస్తుంటాయి. ఒకే హ్యాండిల్‌తో తిరిగే మిక్సర్ ట్యాప్ లోపలి కార్ట్రిడ్జ్ అరిగిపోతే, చన్నీళ్లు దొంగదారిన వేడినీళ్ల పైపులోకి చేరతాయి. దీన్ని కనిపెట్టడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. గీజర్ స్విచ్ ఆపి, గీజర్‌లోకి నీళ్లు వెళ్లే వాల్వ్ కట్టేసి, వేడినీళ్ల కుళాయి తిప్పండి. పైపులో మిగిలినవి వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఆ నీళ్లు గీజర్ నుంచి వస్తున్నవి కావు. తప్పు మిక్సర్‌ది. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్ల మంచి ఎలిమెంట్లు, మంచి థర్మోస్టాట్లు ఎన్ని మార్చేస్తున్నారో! పరీక్ష అయ్యాక వాల్వ్ తెరిచి, కుళాయిలో నిండు ధార వచ్చాకే స్విచ్ వేయాలన్నది మరిచిపోకూడదు. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంట్ కొద్దిసేపట్లోనే మాడిపోతుంది.

ఇవేవీ కాకుండా నీళ్లు అసలే వేడెక్కకపోతే ఎలిమెంట్ తెగి ఉండాలి, థర్మోస్టాట్ కాంటాక్ట్ ఇవ్వకపోయి ఉండాలి, లేదా కటౌట్ పడిపోయి ఉండాలి. ఏది అన్నది మల్టీమీటర్ నిమిషంలో తేల్చేస్తుంది. 230 వోల్టులకు చేసిన 2,000 వాట్ల ఎలిమెంట్ నిరోధం 26 ఓమ్‌లు ఉండాలి, 3,000 వాట్లదైతే 17, 18 ఓమ్‌లు. మీటర్ అసలు కదలకపోతే తీగ తెగినట్టే. కొలవకుండానే ‘ఎలిమెంట్ పోయింది’ అనే మెకానిక్ మాటను నేనైతే ఒప్పుకోను.

సున్నం గార

గీజర్‌కు ఎక్కువ చేటు చేసేది మనం పోసే నీళ్లే. ఉప్పు నీళ్లు, బోరు నీళ్లు అని మనం మామూలుగా పిలిచే కఠిన జలంలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. అది కరిగి ఉన్నంతసేపు కంటికి కనిపించదు. వేడి తగలగానే విడిపోయి, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి, కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. అంటే సున్నపురాయి. చాలా లవణాలు నీళ్లు వేడెక్కేకొద్దీ ఎక్కువగా కరుగుతాయి. దీని స్వభావం అందుకు పూర్తిగా వ్యతిరేకం. నీళ్లు ఎక్కడ ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ ఎక్కువగా పేరుకుంటుంది. గీజర్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండేది ఎలిమెంట్ ఒళ్లు కాబట్టి అది నేరుగా దానికే పడుతుంది, పళ్లకు గార పట్టినట్టు.

ఈ గార వేడిని సరిగ్గా పోనివ్వదు. రాగితో పోలిస్తే వందల రెట్లు తక్కువగా పోనిస్తుంది. ఎలిమెంట్‌లో పుట్టిన వేడి బయటికి రాలేక లోపలే ఉడుకుతుంది. పైగొట్టం అతిగా వేడెక్కి పగుళ్లిస్తుంది, లేదా తీగ తెగుతుంది. గార వల్ల కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందని చాలాచోట్ల చెబుతుంటారు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. కరెంటు గీజర్‌లో ఎలిమెంట్ నీళ్లలోనే మునిగి ఉంటుంది, వేడి ఆలస్యంగానైనా చివరికి నీళ్లలోకే చేరాలి. కాబట్టి బిల్లు మీద దెబ్బ కన్నా ఎలిమెంట్ ఆయుష్షు మీద దెబ్బ చాలా పెద్దది. గ్యాస్ గీజర్‌లో మాత్రం మంట నుంచి నీళ్లలోకి దిగని వేడి పొగగొట్టంలోంచి పోతుంది, అక్కడ ఇంధనం నిజంగానే వృథా అవుతుంది.

గార పట్టిందని గీజర్ ముందే చెబుతుంది. నీళ్లు కాగేటప్పుడు లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు, టపటపమని చప్పుడు వస్తుంది. గార కింద చిక్కిన కాసిని నీళ్లు ఆవిరై, ఆ బుడగలు చల్లని నీటిని తాకి చితికిపోయే చప్పుడు అది. వేడినీళ్ల ధార మాత్రమే సన్నబడటం ఇంకో గుర్తు. చన్నీళ్ల ధార బాగుండి వేడినీళ్లే సన్నగా వస్తుంటే ముందు ట్యాప్ మూతిలోని జల్లెడ విప్పి చూడండి. వెనిగర్‌లో కాసేపు నానబెడితే దానికి పట్టిన గార కరుగుతుంది. అక్కడ బాగానే ఉంటే అడ్డు గీజర్ ఔట్‌లెట్ పైపులోనో, ఇన్‌లెట్ వాల్వ్‌లోనో ఉన్నట్టు.

ట్యాంకు లోపలి గారను తీయడం మెకానిక్ పని. ఎలిమెంట్ బిగించి ఉండే ఫ్లాంజ్ అనే పళ్లెం విప్పి, అడుగున చేరిన సున్నం పెళ్లలు తోడేసి, సిట్రిక్ యాసిడ్ లేదా సల్ఫామిక్ యాసిడ్ ద్రావణంతో మెల్లగా కరిగించి, బాగా కడగాలి. త్వరగా అయిపోతుందని బాత్రూమ్ కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసేవాళ్లున్నారు. వద్దని గట్టిగా చెప్పండి. అది సున్నంతో పాటు లోహాన్నీ తింటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు కూడా క్లోరైడ్ శత్రువే, కంటికి కనిపించని గుంటలు పెట్టి నెలల తర్వాత చిల్లు చేస్తుంది. ఏడాదికోసారి శుభ్రం చేయిస్తే మంచిది, నీళ్లు మరీ కఠినంగా ఉంటే ఇంకా ముందే.

థర్మోస్టాట్‌ను ఎంతకు పెట్టాలన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. 60 డిగ్రీలు దాటితే గార వేగం పుంజుకుంటుంది. మరి బాగా తగ్గించేద్దామా అంటే, ట్యాంకులో నిలవ ఉండే గోరువెచ్చని నీళ్లలో, అంటే 20 నుంచి 45 డిగ్రీల మధ్య, లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ సమావేశానికి వచ్చినవాళ్లకు అంతుచిక్కని న్యుమోనియా సోకినప్పుడు బయటపడిన సూక్ష్మజీవి ఇది, పేరూ అలాగే వచ్చింది. దాన్ని అదుపులో ఉంచడానికే నిలవ నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచమంటారు. ఇంకోవైపు 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కూడా సుమారు 5 సెకన్లలో లోతుగా కాల్చగలవు, పసిపిల్లలకు అంతసేపు కూడా పట్టదు. అందుకని ట్యాంకులో 60 దగ్గర ఉంచి, కుళాయి దగ్గర చన్నీళ్లు కలిసేలా చూసుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. బకెట్‌లో ఎప్పుడూ చన్నీళ్లు ముందు పట్టి, ఆ తర్వాత వేడినీళ్లు కలపాలి. పిల్లలున్న ఇంట్లో ఈ వరుస తప్పకూడదు.

కారుతోందంటే, ఎక్కడి నుంచి?

గీజర్ కింద తడి కనిపించగానే టెన్షన్ పడక్కర్లేదు, ముందు ఆ తడి ఎక్కడ పుడుతోందో చూడాలి. వేడెక్కేటప్పుడు మాత్రమే సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడి, తర్వాత ఆగిపోతుంటే అది లోపం కాదు. నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర శాతం ఉబ్బుతాయి. 15 లీటర్ల ట్యాంకులో అది ఒక గ్లాసెడు. చన్నీళ్ల పైపులోకి వెనక్కి పోకుండా వాల్వ్ అడ్డుకుంటుంది, కుళాయిలన్నీ కట్టి ఉంటాయి, ఆ గ్లాసెడు నీళ్లూ ఎక్కడికి పోవాలి? ఒత్తిడి పెరిగి, మోడల్‌ను బట్టి 6 నుంచి 10 బార్ల మధ్య ఎక్కడో వాల్వ్ తెరుచుకుని కొంచెం వదులుతుంది. అది దాని ఉద్యోగం.

చుక్కలు పడుతున్నాయని ఆ వాల్వ్ నోటికి ప్లగ్ బిగించడం, ఎంసీల్ పెట్టి మూయడం నేను కళ్లారా చూశాను. ఇంతకన్నా ప్రమాదకరమైన పని గీజర్ విషయంలో ఇంకోటి లేదు. మూసిన పాత్రలో ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. 8 బార్ల ఒత్తిడిలో 170 డిగ్రీలు దాటినా నీళ్లుగానే ఉంటాయి. ఆ స్థితిలో ట్యాంకు ఎక్కడైనా చిట్లితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, ఆ నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరిగా మారుతుంది. ఆవిరికి నీటికన్నా 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. గీజర్ పేలడమంటే ఇదే. ఇలా జరగాలంటే థర్మోస్టాట్, కటౌట్, వాల్వ్ మూడూ ఒకేసారి విఫలం కావాలి. మా ఇంట్లో అప్పటికి మొదటిది చెడిపోయింది, రెండోదాన్ని వైరుతో దాటవేశారు. మిగిలింది ఆ వాల్వ్ ఒక్కటే. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నీళ్లు కాగకపోయినా వాల్వ్ ఆగకుండా కారుతుంటే, దాని సీటులో సున్నం ఇరుక్కుని ఉండాలి, లేదా పైపుల్లో ఒత్తిడే ఎక్కువై ఉండాలి. వాల్వ్ మార్చడం పెద్ద పనేమీ కాదు. పైపు మరల దగ్గర కారితే వాషర్, టేప్ సరిపోతాయి. అడుగున ఎలిమెంట్ బిగించిన చోట కారితే గ్యాస్కెట్ (నీళ్లు కారకుండా మధ్యలో వేసే రబ్బరు రింగు) ఎండిపోయినట్టు, దాని పక్కనే కరెంటు టెర్మినళ్లుంటాయి కాబట్టి వెంటనే బోర్డులోని ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే తెంచేసే స్విచ్) ఆపేయాలి. ఇవేవీ కాకుండా బయటి డబ్బా అతుకుల్లోంచి, తుప్పు రంగులో నీళ్లు ఊరుతుంటే లోపలి ట్యాంకుకే చిల్లు పడింది. దానికి రిపేరు లేదు. అతుకు వేస్తానని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి, ఒత్తిడి తట్టుకునే పాత్రకు వేసిన అతుకు నిలవదు.

ట్యాంకు ఆ దశకు రాకుండా కాపాడేది ఆనోడ్ కడ్డీ. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకల అడుగున ఉన్న రాగి రేకులు సముద్రపు నీటికి తినుకుపోకుండా వాటికి జింక్, ఇనుము ముక్కలు తగిలించి చూశాడు. రాగికి బదులు ఆ ముక్కలు అరిగిపోయాయి. గీజర్‌లోని మెగ్నీషియం కడ్డీ చేసే పనీ అదే: ఉక్కు ట్యాంకుకు రావాల్సిన తుప్పును తాను తీసుకుని కరిగిపోతుంది. పూర్తిగా కరిగిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. ఏడాదికో, రెండేళ్లకో విప్పి చూసి, లోపలి కమ్మీ బయటపడేంతగా అరిగితే మార్చాలి. గార తీయడానికి ఎలాగూ ఫ్లాంజ్ విప్పుతారు, అప్పుడే చూపించమని అడగండి. ట్యాంకు ధరతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు, అయినా దీని సంగతి చాలామంది ఎత్తనే ఎత్తరు.

రంగు, వాసన విషయం రెండు మాటల్లో చెప్పేస్తాను. వేడినీళ్లు మాత్రమే ఎర్రగా వస్తే తుప్పు గీజర్‌లో ఉంది, చన్నీళ్లూ అలాగే వస్తే పైపుల్లో ఉంది. పాలలా తెల్లగా వచ్చి గ్లాసులో కాసేపటికి తేటపడితే అవి గాలి బుడగలే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. నీళ్లలోని సల్ఫేట్ మీద బతికే బ్యాక్టీరియా, మెగ్నీషియం ఆనోడ్ కలిసి దాన్ని పుట్టిస్తాయి. ట్యాంకు కడిగి, అల్యూమినియం-జింక్ ఆనోడ్ వేయిస్తే సాధారణంగా తగ్గిపోతుంది.

ట్రిప్ అవుతోంది, జివ్వుమంటోంది

కరెంటు బోర్డులో ఏది పడిపోయిందో చూడండి. ఎంసీబీ పడితే కరెంటు పరిమితికి మించి పోయిందని, అంటే లోడ్ ఎక్కువైందని లేదా షార్ట్ అయిందని అర్థం. ఆర్‌సీసీబీ పడితే వెళ్లిన కరెంటు అంతా తిరిగి రావడం లేదని, ఎటో లీక్ అవుతోందని అర్థం. ఇళ్లలో వాడేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోతాయి, మనిషి గుండెకు ముప్పు వచ్చే లోపే తెంచేయాలని. మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు ఏది పడింది, స్విచ్ వేయగానే పడిందా, పది నిమిషాలు కాగాక పడిందా అన్నవి చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. వేడెక్కాక ఆర్‌సీసీబీ పడుతుంటే ఎక్కువసార్లు దోషి ఎలిమెంటే. పైగొట్టంలో వెంట్రుకవాసి పగులు వేడికి తెరుచుకుని, లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తడిసి, కరెంటు నీళ్లలోకి వస్తుంది.

ఆ స్థితిలో ఆర్‌సీసీబీ లేకపోతే, ఎర్తింగ్ కూడా సరిగ్గా లేకపోతే, లీకైన కరెంటు నీళ్ల వెంట, లోహపు కుళాయి వెంట స్నానం చేసేవాళ్ల దాకా వస్తుంది. కుళాయి పట్టుకుంటే చిన్నగా జివ్వుమన్నా సరే, ఆ గీజర్‌ను ఆ క్షణం నుంచి వాడకూడదు. ‘కొంచెమే కదా, చెప్పులేసుకుని పట్టుకుంటే ఏం కాదు’ అనుకోవద్దు. ఎంసీబీ ఆపండి, ప్లగ్ ఉంటే పీకేయండి. స్విచ్ ఒక్కటే ఆపితే సరిపోదు. వైరింగ్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే స్విచ్ ఆపినా ఎలిమెంట్‌కు ఫేజ్ అంటుకునే ఉంటుంది.

ఇక్కడ మెకానిక్ వాడాల్సింది మెగ్గర్. 500 వోల్టులతో ఎలిమెంట్ తీగకూ పైగొట్టానికీ మధ్య ఇన్సులేషన్ ఎంతుందో అది కొలుస్తుంది. మామూలు మల్టీమీటర్ బ్యాటరీ వోల్టేజీకి దొరకని లీకేజీ దీనికి దొరుకుతుంది. ఆర్‌సీసీబీ ‘ఊరికే పడుతోంది’ అని దాన్ని తీసేసి పక్కదారిలో లైన్ ఇచ్చే ఎలక్ట్రీషియన్ మాట వినొద్దు. మా ఇంటి వైరు ముక్కకూ దీనికీ తేడా లేదు.

ప్లగ్ పిన్ నల్లబడటం, సాకెట్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన రావడం ఇంకో రకం హెచ్చరిక. 2,000 వాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. పిన్ వదులై అక్కడ అర ఓమ్ నిరోధం ఏర్పడినా చాలు, ఆ చిన్న చోట 38 వాట్ల వేడి పుడుతుంది. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్‌లో ఉండే వేడి అంతే. సాకెట్ 16 ఆంపియర్లది, వైరు తగినంత మందానిది ఉండాలి, టెర్మినల్ స్క్రూలు బిగించి ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో గీజర్ పెట్టడమనే ఆలోచనే రాకూడదు.

గ్యాస్ గీజర్ సంగతి వేరు

‘గీజర్’ అన్న పేరు ఐస్‌లాండ్‌లో భూమిలోంచి వేడినీళ్లు చిమ్మే ‘గెయ్సిర్’ అనే ఊట నుంచి వచ్చింది. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే ఆయన గ్యాస్ మంటతో నీళ్లు కాచే పరికరం తయారుచేసి దానికి ఆ పేరు పెట్టాడు. అందులో పొగ బయటికి పోయే గొట్టం లేదు. నూట యాభై ఏళ్లు దాటినా గ్యాస్ గీజర్లతో జరిగే అతి పెద్ద ప్రమాదం ఇప్పటికీ అదే.

గాలి చాలని గదిలో గ్యాస్ పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టు ఉండటంతో మొదలై, మనిషి తలుపు తీయలేని స్థితికి చేరతాడు. గ్యాస్ గీజర్‌ను బాత్రూమ్ లోపల పెట్టకూడదు. బయట, గాలి ఆడే చోట పెట్టి, పొగగొట్టం ఇంటి బయటికి తీయాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు పచ్చగా మండుతున్నా, పైన మసి పడుతున్నా వాడకం ఆపి మెకానిక్‌ను పిలవాలి. మిగతా సమస్యలకు ఒకరోజు ఆగినా ఫర్వాలేదు, దీనికి ఆగకూడదు.

వెలగకపోవడం మాత్రం చాలాసార్లు చిన్న విషయమే. కుళాయి తిప్పగానే టిక్ టిక్ చప్పుడు రాకపోతే బ్యాటరీలు అయిపోయి ఉంటాయి, లేదా నీటి ఒత్తిడి తక్కువై స్విచ్ కదలదు. ఇన్‌లెట్ జల్లెడలో ఇసుక చేరినా అంతే. టిక్ టిక్ వినిపిస్తున్నా మంట రాకపోతే గ్యాస్ అందడం లేదు. వెలిగి వెంటనే ఆరిపోతుంటే మంటను గుర్తుపట్టే సెన్సార్‌కు మసి పట్టి ఉండొచ్చు. బ్యాటరీ మార్చడం, జల్లెడ కడగడం వరకు మనం చేసుకోవచ్చు. గ్యాస్ జాయింట్లు, బర్నర్, సెన్సార్ జోలికి మాత్రం వెళ్లొద్దు. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు వేయకుండా, ఆపకుండా, గ్యాస్ కట్టేసి కిటికీలు తెరిచి బయటికి రావాలి.

మూత విప్పాక ఏం జరగాలి

మంచి మెకానిక్‌ను గుర్తుపట్టడానికి మనకు ఇంజినీరింగ్ రానక్కర్లేదు, ఆయన చేసే పనుల వరుస చూస్తే చాలు. ముందు ఎంసీబీ ఆపి, టెర్మినల్ దగ్గర కరెంటు లేదని మీటర్‌తో నిర్ధారించుకుంటాడు. నీళ్లు కట్టి, ట్యాంకు ఖాళీ చేస్తాడు. కొలిచాకే ఏ భాగం పోయిందో చెబుతాడు. ఎలిమెంట్ మారిస్తే అదే వాటేజీది వేస్తాడు, దాంతోపాటు గ్యాస్కెట్ కొత్తది వేస్తాడు. కటౌట్ పడి ఉంటే బటన్ నొక్కి వెళ్లిపోకుండా, ఎందుకు పడిందో వెతుకుతాడు. పాత భాగాన్ని మన చేతికిస్తాడు. మనం అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటే: ‘‘ఇది ఎందుకు పోయింది?’’ గార వల్ల పోయిన ఎలిమెంట్‌ను గార తీయకుండా మారిస్తే కొత్తదీ అదే దారిన పోతుంది.

మార్చాలా, రిపేరు చేయించాలా అన్న సందేహానికి వస్తే, ఎలిమెంట్, థర్మోస్టాట్, కటౌట్, వాల్వ్, గ్యాస్కెట్, ఆనోడ్ ఇవన్నీ విడిగా మార్చుకోగల భాగాలు. వీటిలో ఒకటి పోయిందని గీజర్ పారేయక్కర్లేదు. ట్యాంకుకు చిల్లు పడితే మాత్రం కొత్తది తీసుకోవాల్సిందే. పదేళ్లు దాటిన గీజర్‌లో వరసగా ఒకటి తర్వాత ఒకటి పోతూ, వేడినీళ్లు ఎర్రగా కూడా వస్తుంటే, ట్యాంకు ఆఖరి రోజుల్లో ఉందని అనుకుని ముందే సిద్ధపడటం మేలు.

మా ఇంటికి వచ్చిన ఆ రెండో మెకానిక్ థర్మోస్టాట్, కటౌట్, వాల్వ్ మూడూ కొత్తవి వేశాడు. ట్యాంకు నింపి, వేడినీళ్ల కుళాయిలో గాలి పోయి నిండు ధార వచ్చేదాకా చూశాడు. అప్పుడు స్విచ్ వేయించాడు. పని అయిపోయిందనుకుని మేం డబ్బులు తీసుకొస్తే, ఇంకా అవలేదని స్టూలు మీదే కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. గీజర్‌లోంచి ‘టక్’మని చిన్న చప్పుడు వినిపించింది, ఎర్ర లైటు ఆరింది. ఒక మగ్గు నీళ్లు పట్టి వేడి చూసుకుని, వాల్వ్ కింద చెయ్యి పెట్టి ఒకసారి తడిమి, అప్పుడు సామాను సర్దుకున్నాడు.